సాక్షి నోట వచ్చింది, కాగితం మీద పడింది: లా విద్యార్థుల బృందాలు ట్రయల్ నేర్చుకోవలసిన తీరు

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లా కోర్టుల్లో ఒక పూటంతా వెనుక బెంచీ మీద కూర్చుని చూసినవారికి సినిమాల్లో కనిపించే వాదోపవాదాలు దాదాపుగా వినిపించవు. వాయిదాల పిలుపు అయిపోయాక మిగిలిన సమయమంతా సాక్షి బోను చుట్టూనే తిరుగుతుంది. వకీలు ప్రశ్న అడుగుతారు, సాక్షి తనకు వచ్చిన మాటల్లో జవాబు చెబుతాడు, ఆ జవాబును న్యాయమూర్తి ఒక వాక్యంగా కూర్చి స్టెనోకు చెబుతారు, అది డిపాజిషన్‌లో, అంటే సాక్ష్యం రాతప్రతిలో, చేరుతుంది. కేసు గెలుపోటములు చాలావరకు ఈ చిన్న గొలుసులోనే తేలిపోతాయి. పట్టా పుచ్చుకుని కొత్తగా నల్లకోటు వేసుకున్న న్యాయవాదికి మాత్రం ఈ గొలుసును ఏ కొసన పట్టుకోవాలో తెలియదు. కాలేజీలో నేర్చుకున్నది పైకోర్టుల తీర్పులు ఉటంకిస్తూ వాదించడం. ఇక్కడ అన్నిటికంటె ముందు కావలసింది ఒక కూలీ మనిషినో, ఒక పంచనామా సాక్షినో, ఒక ఎస్సైనో నిలబెట్టి వరుసగా ప్రశ్నలు అడగగలగడం.

ఈ లోటు పాఠ్యప్రణాళికలోనే ఉంది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో తెచ్చిన న్యాయవిద్యా నియమాల్లో మూట్‌కోర్టు (కల్పిత కేసుపై నమూనా వాదన), ఇంటర్న్‌షిప్‌లను కలిపి 100 మార్కుల తప్పనిసరి పేపరుగా పెట్టారు. అందులో మూడు మూట్‌కోర్టులకు 30 మార్కులు, ఒక సివిల్ కేసునూ ఒక క్రిమినల్ కేసునూ కోర్టులో గమనించి రికార్డు రాసినందుకు 30, న్యాయవాది ఆఫీసులో కక్షిదారుతో జరిగే మాటామంతీని, కేసు తయారీని చూసి డైరీ రాసినందుకు 30, మౌఖిక పరీక్షకు 10 కేటాయించారు. విద్యార్థి స్వయంగా లేచి ఒక సాక్షిని ప్రశ్నించవలసిన అవసరం ఈ 100 మార్కుల్లో ఎక్కడా రాదు. మూడేళ్ల కోర్సువారు 12 వారాలు, ఐదేళ్ల కోర్సువారు 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలని అవే నియమాలు చెబుతున్నా, ఇంటర్న్‌కు కోర్టులో నోరు విప్పే హక్కు లేదు గనుక ఆ వారాలన్నీ చూడటంతోనే గడిచిపోతాయి. పట్టా తరువాతి సంగతీ అంతే. న్యాయవాదిగా పేరు నమోదుకు (ఎన్‌రోల్‌మెంట్‌కు) ముందు ఏడాది శిక్షణ తప్పనిసరి అంటూ 1995లో బార్ కౌన్సిల్ తెచ్చిన నియమాలను సుప్రీంకోర్టు 1999లో కొట్టివేసింది. ఆ తరువాత వచ్చిన ఆల్ ఇండియా బార్ ఎగ్జామినేషన్ రాతపరీక్ష మాత్రమే. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు తిరిగి నిర్దేశించడంతో, జడ్జి కావాలనుకునే విద్యార్థికి కూడా సాక్షులను విచారించే ట్రయల్ కోర్టు అనుభవం తప్పించుకోలేనిదైంది.

ఈ ఖాళీని పూడ్చుకోవడానికి విద్యార్థుల చేతిలో ఉన్న మార్గం సొంతంగా బృందాలు కట్టుకుని సాధన చేయడం. దక్షిణ తెలంగాణలో అందుకు అనుకూలమైన పరిస్థితులే ఉన్నాయి. ఇక్కడి విద్యార్థుల్లో చాలామంది హైదరాబాదులో చదువుతూ సెలవులకు ఊరికి వచ్చేవారు, లేదా ఉద్యోగం చేసుకుంటూ మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చదివేవారు. 2022 జూన్ 2న కొత్త జ్యుడీషియల్ జిల్లాలు మొదలయ్యాక సూర్యాపేట, భువనగిరి, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేటల్లోనూ జిల్లా కోర్టులు వచ్చాయి. గద్వాల విద్యార్థి సెషన్స్ విచారణ చూడటానికి ఇప్పుడు మహబూబ్‌నగర్ బస్సు ఎక్కనక్కరలేదు. పదిమంది కూడితే చాలు, పనికి ఒక గది, కొన్ని కుర్చీలు తప్ప మరేమీ అక్కరలేదు. అయితే ఆ పదిమంది కూడి మళ్లీ మూట్‌కోర్టే ఆడితే కాలం వృథా అవుతుంది. మూట్‌లో వాస్తవాలు ముందే తేలిపోయి ఉంటాయి, వాటికి ఏ చట్టం వర్తిస్తుందన్నదే అక్కడి చర్చ. ట్రయల్‌లో వాస్తవమే వివాదం. ఎవరు చూశారు, ఎక్కడి నుంచి చూశారు, అప్పుడు వెలుగు ఉందా, ఈ సంతకం ఎవరిది అన్న ప్రశ్నలకు జవాబు తీర్పుల పుస్తకాల్లో దొరకదు.

చదివేవారు ఎవరు

అమెరికాలో ట్రయల్ అడ్వకసీ శిక్షణ ఒక ప్రత్యేక విద్యగా స్థిరపడింది. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ ట్రయల్ అడ్వకసీ 1971లో ఏర్పడింది. అక్కడి లా స్కూళ్ల విద్యార్థి జట్లు కల్పిత కేసు ఫైళ్లతో నమూనా విచారణల పోటీల్లో పాల్గొంటాయి. ఆ పద్ధతుల నుంచి నేర్చుకోవలసింది చాలా ఉన్నా, వాటిని ఉన్నదున్నట్టు దించుకుంటే ఒక పెద్ద పొరపాటు దొర్లుతుంది. అక్కడ వకీలు జ్యూరీని, అంటే నిర్ణయం చెప్పే సాధారణ పౌరుల బృందాన్ని, ఉద్దేశించి మాట్లాడతాడు. సాక్షి తడబడిన తీరు, మౌనంగా ఉండిపోయిన ఆ రెండు క్షణాలు, గొంతు మారడం, అన్నీ జ్యూరీ కళ్లారా చూస్తుంది. ఇక్కడ జ్యూరీ లేదు. సాక్ష్యం నమోదు చేసిన న్యాయమూర్తి తీర్పు రోజుకు బదిలీ కావచ్చు. అప్పీలు విన్న న్యాయమూర్తి ఆ సాక్షి ముఖం ఎన్నడూ చూడరు. వారికి అందేది డిపాజిషన్ ఒక్కటే.

2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో పట్టపగలు జరిగిన పరువు హత్య కేసు దీనికి దగ్గరి ఉదాహరణ. నల్లగొండ కోర్టు 2025 మార్చి 10న తీర్పు చెబుతూ ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష విధించింది. చట్టప్రకారం మరణశిక్షను హైకోర్టు ధ్రువీకరించాలి. ఆరున్నరేళ్ల కాలంలో పోగైన సాక్ష్యాన్ని హైకోర్టు తూచేది కాగితం మీదనే. కేసు పెద్దదైనా చిన్నదైనా ఈ సూత్రంలో తేడా ఉండదు.

ఆ కాగితం కూడా మక్కికి మక్కి రాసినది కాదు. సెషన్స్ కోర్టులో సాక్ష్యాన్ని మామూలుగా కథన రూపంలో రాయాలనీ, అవసరమనిపించిన చోట మాత్రమే ప్రశ్న, జవాబుల రూపంలో రాయవచ్చుననీ పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 276వ సెక్షన్ చెప్పింది. దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 311వ సెక్షన్‌లోనూ అదే ఏర్పాటు కొనసాగింది. వకీలు ఎంత చాకచక్యంగా అడిగినా ఆ ప్రశ్న రికార్డులో సాధారణంగా కనిపించదు, జవాబు మాత్రమే మిగులుతుంది. క్రాస్‌లో, అంటే ఎదుటిపక్షం సాక్షిని ప్రశ్నించేటప్పుడు, 'ఇలా జరిగింది కదా' అని వకీలు పెట్టే సజెషన్‌ను సాక్షి కాదంటే, "ఫలానాది జరిగిందనడం వాస్తవం కాదు" అన్న వాక్యంగా అది నమోదవుతుంది. అందుచేత మంచి ప్రశ్న అంటే రికార్డులో పనికివచ్చే ఒక వాక్యాన్ని పుట్టించే ప్రశ్న. వకీలు పది మాటలు కలిపి అడిగితే జవాబు ఏ మాటకు వచ్చిందో స్టెనోకు తెలియదు, చివరికి చదివేవారికీ తెలియదు.

కాబట్టి సాధన చేసే బృందంలో న్యాయమూర్తి, ఇద్దరు వకీళ్లు, సాక్షి పాత్రలతోపాటు తప్పనిసరిగా ఉండవలసిన మనిషి స్టెనో. సాక్షి చెప్పిందాన్ని న్యాయమూర్తి పాత్రధారి కథన రూపంలో చెప్పాలి, స్టెనో దాన్ని అప్పటికప్పుడు టైపు చేయాలి. వారం తిరిగాక తుది వాదనలు పెట్టుకున్నప్పుడు ఆ కాగితం తప్ప మరేదీ వాడకూడదన్న నియమం పెట్టుకోవాలి. "సాక్షి ఒప్పుకున్నాడు కదా" అని విద్యార్థి అన్నప్పుడు "ఏ పేజీలో" అని ఎదురు ప్రశ్న రావాలి. రెండు మూడు వారాలు ఇలా గడిస్తే ప్రశ్నల పొడవు దానంతట అదే తగ్గుతుంది. దక్షిణ తెలంగాణ బృందాలు ఏర్పాటు చేసుకోదగిన వాటిలో ఇంతకంటె విలువైనది మరొకటి లేదు.

'కొట్టిండు', 'కొట్టిండట'

రికార్డు మీద ఇంత పట్టు అవసరమవడానికి మరో కారణం భాష. సాక్షి మాట్లాడేది నల్లగొండ తెలుగో, పాలమూరు తెలుగో. డిపాజిషన్ చాలాచోట్ల ఆంగ్లంలో ఉంటుంది. ఈ రెండింటి మధ్య జారిపోయేవి చిన్నవే అయినా కేసును తిప్పగలిగినవి.

"వాడు పారతోని కొట్టిండు" అన్న సాక్షి తాను చూసింది చెబుతున్నాడు. "వాడు పారతోని కొట్టిండట" అన్న సాక్షి ఎవరో చెప్పగా విన్నది చెబుతున్నాడు. నోటి సాక్ష్యం నేరుగా చూసినవారిదే, విన్నవారిదే అయి ఉండాలన్నది సాక్ష్యాలకు సంబంధించిన కొత్త చట్టం, భారతీయ సాక్ష్య అధినియం, 55వ సెక్షన్. చట్టం ఒక సెక్షన్ మొత్తం పెట్టి చెప్పిన తేడాను తెలుగు ఒక్క 'ట'తో చెప్పేస్తుంది. ఆ 'ట' ఆంగ్ల వాక్యంలోకి రాకపోతే విన్నమాట కాస్తా కళ్లారా చూసిన సాక్ష్యంగా మారిపోతుంది. డిఫెన్సు వకీలుగా నిలబడిన విద్యార్థి ఆ అక్షరాన్ని పట్టుకోగలగాలి. వెంటనే లేచి, సాక్షి చూశానని అనలేదని, విన్నానని అన్నాడని, ఆ మేరకు నమోదు చేయవలసిందని వినయంగా విన్నవించుకోవాలి. అంతేకాదు, తన క్రాస్‌లో "నీకు ఆ సంగతి ఎవరు చెప్పిండ్రు?" అన్న చిన్న ప్రశ్నతో దాన్ని స్థిరపరచుకోవాలి.

కాలం విషయమూ ఇలాంటిదే. "పొద్దుగూకే యాళ్లకు" అంటే సూర్యుడు దిగుతున్నాడు, ఇంకా మనిషి ముఖం కనబడుతుంది. "పొద్దుగూకినంక" అంటే చీకటి పడింది. రెండూ 'సాయంత్రం' అన్న ఒక్క మాటగా నమోదైతే, దాడి చేసినవాణ్ని గుర్తుపట్టడం సాధ్యమా కాదా అన్న ప్రశ్నకు ఆధారమే పోతుంది. దూరం చెప్పేటప్పుడు సాక్షి "గీడనే సార్, కూతపెడితే ఇనబడేంత" అంటుంది. దాన్ని మీటర్లలో చెప్పమని గద్దిస్తే నోటికొచ్చిన అంకె చెబుతుంది, ఆ అంకె తరువాత ఇరుపక్షాల మెడకూ చుట్టుకుంటుంది. "అమ్మా, నువ్వు నిలబడ్డ బోను కాడికెల్లి ఆ తలుపు దాకా ఉంటదా, ఇంకెక్కువనా?" అని అడిగితే సాక్షికి అర్థమవుతుంది, న్యాయమూర్తి ఆ దూరాన్ని అంచనా కట్టి రాయించగలుగుతారు.

బృందంలో సాధన ఆంగ్లంలో జరిగితే ఇవేవీ బయటపడవు. సాక్షి పాత్ర వేసేవారు తమ అమ్మమ్మ మాట్లాడే తెలుగులోనే మాట్లాడాలి, న్యాయమూర్తి పాత్రధారి ఆంగ్లంలో రాయించాలి, ఆ రెండింటి మధ్య జరిగే నష్టాన్ని ఇద్దరు వకీళ్లూ కాపు కాయాలి. దేవరకొండ తండాల నుంచి వచ్చిన లంబాడీ విద్యార్థి, నారాయణపేట వైపు కన్నడం ఇంట్లో మాట్లాడే విద్యార్థి, ఉర్దూ వచ్చిన విద్యార్థి ఉన్న బృందం అదృష్టం చేసుకున్నట్టే. కోర్టు భాష కాక మరో భాషలో చెప్పిన సాక్ష్యాన్ని అదే భాషలో రాయడానికీ, అనువదించడానికీ నాగరిక్ సురక్షా సంహిత 312వ సెక్షన్ దారి చూపుతుంది. దుబాసీ ద్వారా ప్రశ్న అడగడం ఎంత కష్టమో, ఒక ప్రశ్నలో రెండు సంగతులు ఇరికిస్తే అవతలికి ఒకటే ఎలా చేరుతుందో ఇలాంటి బృందం అనుభవంతో తెలుసుకుంటుంది. తెలంగాణ హైకోర్టు 2023లో ఒక ఆస్తి వివాదంలో తెలుగులో తీర్పు వెలువరించడం మంచి పరిణామమే. తీర్పు తెలుగులో రావడం ఎంత ముఖ్యమో, సాక్షి తెలుగు చెదరకుండా రికార్డుకెక్కడం అంతకంటె ముఖ్యం.

ఒక ఫైలు, నలుగురు సాక్షులు

సాధనకు కావలసిన కేసు ఫైలును బృందమే తయారు చేసుకోవచ్చు. ఉదాహరణకు సాగర్ ఎడమ కాలువ కింద ఒక ఊహా గ్రామం. పిల్లకాలువ నీళ్ల వంతు దగ్గర ఇద్దరు పక్క పొలాల రైతులకు మాటామాటా పెరిగింది, ఒకరి తలకు గాయమైంది. ప్రమాదకర ఆయుధంతో గాయపరచినందుకు భారతీయ న్యాయ సంహిత 118(1) కింద కేసు. ఫైలులో ఆలస్యంగా అందిన ఫిర్యాదు, ఎఫ్ఐఆర్, ఘటనాస్థల పంచనామా, గాయాల సర్టిఫికెట్, పోలీసులు నాగరిక్ సురక్షా సంహిత 180వ సెక్షన్ కింద రాసుకున్న వాంగ్మూలాలు ఉండాలి. సాక్షులు నలుగురు: ఫిర్యాది, పక్క మడిలో నాట్లు వేస్తున్న కూలీ మహిళ, గాయం చూసిన డాక్టరు, దర్యాప్తు అధికారి. ఈ కాగితాల మధ్య ఒకటి రెండు పొసగని విషయాలు కావాలనే ఉంచాలి, కాని వాటి సంగతి ముందుగా ఎవరికీ చెప్పకూడదు.

చీఫ్ తేలిక, క్రాస్ కష్టం అన్న అపోహ ఇక్కడే తొలగుతుంది. చీఫ్‌లో, అంటే తన సాక్షిని తానే ప్రశ్నించేటప్పుడు, జవాబును ప్రశ్నలోనే సూచించే లీడింగ్ ప్రశ్నలు ఎదుటిపక్షం అభ్యంతరం చెబితే కోర్టు అనుమతి లేకుండా వేయకూడదని సాక్ష్య అధినియం 146వ సెక్షన్ చెబుతుంది. పరిచయ విషయాలకు, వివాదం లేని విషయాలకు మాత్రం మినహాయింపు ఉంది. "అప్పుడు ముద్దాయి పార ఎత్తి కొట్టాడు కదా" అన్నది చీఫ్‌లో చెల్లదు. "అప్పుడేమైంది" అని అడిగి సాక్షి చేత వరుసగా చెప్పించాలి. కొత్తవారు రెండు నిమిషాల్లోనే లీడింగ్‌లోకి జారిపోతారు. పాలమూరు కూలీలు బతుకుదెరువు కోసం ముంబై, పుణె వెళ్లిపోవడం దశాబ్దాలుగా ఉన్నదే. సమన్లు అందుకుని మూడేళ్ల తరువాత వచ్చిన అలాంటి సాక్షికి సంఘటన సగం మసకబారి ఉంటుంది. ఆ జ్ఞాపకాన్ని సూచన ఇవ్వకుండా మేల్కొలపడం క్రాస్ కంటె నేర్పున్న పని.

ఇక క్రాస్‌లో అన్నిటికంటె ఎక్కువసార్లు తప్పుగా జరిగేది వైరుధ్యం రుజువు చేయడం. కూలీ మహిళ చీఫ్‌లో "ముద్దాయి పారతోని నెత్తిమీద కొట్టిండు" అని చెప్పిందనుకుందాం. పోలీసు వాంగ్మూలంలో "ఇద్దరూ తోసుకోగా ఫిర్యాది గట్టు మీద పడ్డాడు" అని ఉంది. పోలీసు వాంగ్మూలం సాక్షి సంతకం లేనిది, దాన్ని సాక్ష్యంగా వాడకూడదు, సాక్షి మాటను ఖండించడానికి మాత్రమే వాడవచ్చు. ముందుగా సాక్షి ఇప్పుడు చెప్పిన మాటను ఖాయపరచుకోవాలి. తరువాత పోలీసులు ఆమెను విచారించిన సంగతి ఒప్పించాలి. ఆపైన వాంగ్మూలంలోని ఆ కచ్చితమైన భాగాన్ని చదివి వినిపించి, అలా చెప్పిందా లేదా అని అడగాలి. సాక్ష్య అధినియం 148వ సెక్షన్ కోరేది ఈ మెట్టునే. "అట్ల చెప్పలే" అంటే ఆ భాగానికి రికార్డులో గుర్తు వేయించుకోవాలి. పని ఇంతటితో అయిపోలేదు. దర్యాప్తు అధికారి బోనెక్కినప్పుడు "సాక్షి మీ ముందు ఇలా చెప్పిందా" అని అడిగి ఆయన చేత అవుననిపించుకుంటేనే వైరుధ్యం రుజువైనట్టు. చాలా నమూనా విచారణలు ప్రత్యక్ష సాక్షితోనే ముగిసిపోతాయి కాబట్టి విద్యార్థులకు ఈ చివరి మెట్టు ఉందని కూడా తెలియదు. ఫైలులో దర్యాప్తు అధికారి పాత్ర తప్పకుండా ఉండాలనడం ఇందుకే.

వాంగ్మూలంలో పార ప్రస్తావనే లేకపోతే అది విస్మరణ. ముఖ్యమైన విషయాన్ని వదిలేయడం సందర్భాన్ని బట్టి వైరుధ్యంతో సమానం కావచ్చు. 1959లో తహసీల్దార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ గీత ఎక్కడ గీయాలో చర్చించింది. ఇక్కడ విద్యార్థి ఆగవలసిన చోటు కూడా ఉంది. "పార సంగతి పోలీసులకు చెప్పినవా?" "చెప్పిన సార్." అక్కడితో చాలించి దర్యాప్తు అధికారి కోసం కాచుకోవాలి. ఉత్సాహం పట్టలేక "మరి అందులో ఎందుకు లేదు?" అని మరొక్క ప్రశ్న వేస్తే, "పోలీసాయన నన్ను పార గురించి అడగలే సార్, ఆయనకు తోచింది ఆయన రాసుకుండు" అన్న జవాబు వస్తుంది. అంతదాకా ప్రాసిక్యూషన్‌కు లేని వివరణను డిఫెన్సే రికార్డులో చేర్చినట్టవుతుంది. అమెరికా న్యాయాచార్యుడు ఇర్వింగ్ యంగర్ క్రాస్‌కు చెప్పిన పది ఆజ్ఞల్లో ఒకటి సరిగ్గా దీని గురించే: ఒక్క ప్రశ్న ఎక్కువ అడగవద్దు.

ప్రాసిక్యూటర్‌గా నిలబడే విద్యార్థికి వేరే కష్టం ఉంది. ఊళ్లో పెద్దమనుషుల సమక్షంలో రాజీ కుదిరాక సాక్షి అడ్డం తిరగడం ఇక్కడి కోర్టుల్లో అరుదు కాదు. అప్పుడు సాక్ష్య అధినియం 157వ సెక్షన్ కింద కోర్టు అనుమతితో సొంత సాక్షినే క్రాస్ చేయాలి. అలాంటి సాక్షి మాట మొత్తం చెరిగిపోదని, నమ్మదగిన భాగాన్ని తీసుకోవచ్చునని సుప్రీంకోర్టు 1976లోనే చెప్పింది. కాబట్టి అడ్డం తిరిగిన సాక్షి నుంచి కూడా, ఆ రోజు ఆమె పొలంలో ఉందన్నంతవరకైనా రాబట్టుకోవడం సాధనలో భాగం కావాలి.

సాదా బైనామా ముందుకు వచ్చినప్పుడు

సివిల్ వైపు సాధన వేరుగా ఉంటుంది. 2002 సవరణ తరువాత సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 18 రూల్ 4 ప్రకారం చీఫ్ అఫిడవిట్‌గా దాఖలవుతుంది. నోటితో జరిగేది క్రాసే. ఈ ప్రాంతంలో భూమి తగాదాలే ఎక్కువ గనుక, బృందం చేతికి ఒక సాదా బైనామా ఇచ్చి చూడాలి. తెల్ల కాగితం మీద రాసుకున్న, రిజిస్టరు కాని, స్టాంపు లేని అమ్మకపు కాగితాన్ని వాది వకీలు మార్క్ చేయించబోతాడు, అంటే సాక్ష్యంగా రికార్డులో చేర్పించబోతాడు. ప్రతివాది వకీలు పాత్రధారి ఆ క్షణంలో కూర్చుని ఉంటే నష్టపోతాడు. స్టాంపు లేని దస్తావేజు ఒకసారి సాక్ష్యంలో చేరిపోతే ఆ కారణంతో తరువాత ప్రశ్నించకూడదని స్టాంపు చట్టం 36వ సెక్షన్ చెబుతుంది. రుజువు చేసే పద్ధతిపై అభ్యంతరమైనా మార్క్ చేసే సమయంలోనే చెప్పాలని 2003లో వెంకటాచల గౌండర్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అటు వాది వకీలు, రిజిస్టరు కాని కాగితాన్ని స్వాధీనం ఏ తీరుదో చూపడం వంటి అనుబంధ ప్రయోజనానికి వాడుకోవచ్చన్న రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షన్ మినహాయింపును నోటి చివర ఉంచుకోవాలి. దానికీ ముందు స్టాంపు సుంకం, జరిమానా చెల్లించక తప్పదు. లేచి అభ్యంతరం చెప్పడానికి దొరికేది పదిహేను క్షణాలు. తరగతి గదిలో చదివిన సెక్షన్ ఆ పదిహేను క్షణాల్లో నోటికి రావాలంటే పదిసార్లు లేచి చెప్పి ఉండాలి.

ఖాస్రా పహాణి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1954-55 నాటి ఆ భూమి రికార్డు మీద ఆధారపడే దావాలు దక్షిణ తెలంగాణలో నేటికీ నడుస్తున్నాయి. పాత నకళ్లలోని ఉర్దూ మాటలు, ఫస్లీ (పాత రెవెన్యూ లెక్క) సంవత్సరాలు చదవడం వచ్చిన విద్యార్థి క్రాస్‌కు తయారయ్యే తీరే వేరుగా ఉంటుంది.

తప్పు దిద్దే పద్ధతి గురించి ఒక మాట. సాధన అయ్యాక అందరూ కలిసి "బాగుంది, కొంచెం ధైర్యంగా మాట్లాడు" అనడం వల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు. ఆస్ట్రేలియాకు చెందిన జార్జి హాంపెల్ రూపొందించగా ఇంగ్లండులో ఇన్స్ ఆఫ్ కోర్ట్ (బారిస్టర్ల సంస్థలు) శిక్షణలో స్థిరపడిన పద్ధతి ఇంతకంటె మేలు. దిద్దేవారు ఒకే ఒక్క దోషాన్ని ఎంచుకుంటారు, విద్యార్థి అన్న మాటలనే తిరిగి వినిపిస్తారు, అది ఎందుకు దోషమో, ఎలా సరిదిద్దాలో చెబుతారు, స్వయంగా చేసి చూపిస్తారు, వెంటనే విద్యార్థి చేత మళ్లీ చేయిస్తారు. మన బృందాల్లో ఇందుకు స్టెనో కాగితం చేతికందిన సాధనం. జిల్లా బార్‌లో ఇరవై ఏళ్లుగా ట్రయల్ చేస్తున్న సీనియర్‌ను నెలకోసారి పిలిచి ఈ ఒక్క పని చేయమని అడిగితే కాదనేవారు తక్కువ.

హద్దులూ తెలిసి ఉండాలి. నిజమైన కేసులోని సాక్షులతో విద్యార్థులు మాట్లాడకూడదు. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల) కేసుల విచారణ, అత్యాచారం కేసుల విచారణ మూసిన తలుపుల వెనుక జరుగుతాయి గనుక హాలు విడిచి వెళ్లమన్నప్పుడు మారుమాట లేకుండా లేవాలి. సాక్షికి కోర్టు తీరు వివరించి భయం పోగొట్టడం ఒకటి, ఏం చెప్పాలో నేర్పడం మరొకటి. సాధనలో కూడా రెండోది జరగనివ్వకూడదు, ఎందుకంటే అలవాటు అక్కడే మొదలవుతుంది. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలు అమలులోకి వచ్చినా పాత కేసుల విచారణ పాత సెక్షన్లతోనే సాగుతోంది కాబట్టి, పోలీసు వాంగ్మూలానికి పాత 161 అన్నా కొత్త 180 అన్నా ఒకటేనని వెంటనే స్ఫురించేలా రెండు అంకెలూ రావాలి.

ఇంత జరిగాక మిగిలిన పని ఒకటుంది, దానికి బృందాలు సాధారణంగా సమయం ఉంచుకోవు. సాక్ష్యం పూర్తయ్యాక దాన్ని సాక్షికి చదివి వినిపించాలని, తప్పుంటే సవరణ నమోదు చేయాలని నాగరిక్ సురక్షా సంహిత 313వ సెక్షన్ చెబుతుంది. స్టెనో టైపు చేసిన కాగితాన్ని తెలుగులోకి మార్చుతూ, కూలీ మహిళ పాత్ర వేసిన విద్యార్థినికి నెమ్మదిగా చదివి వినిపించాలి. మొదటి రెండు వాక్యాలకు ఆమె తల ఊపుతుంది. మూడో వాక్యం దగ్గర ఆపి, "నేను చూసిన అనలే సార్, కొట్టిండట అన్న" అంటుంది. అప్పుడు అందరూ ఆ కాగితం మీదికి వంగి, ఆ ఒక్క అక్షరం ఎవరి చేతిలో, ఏ ప్రశ్న దగ్గర జారిపోయిందో వెనక్కి వెళ్లి వెతకాలి.